పందెం ఒక్క రోజు, ఖర్చు ఏడాది పొడవునా



ఈమధ్య మా ఎముకల ఓపీకి, ఫిజియోథెరపీ గదికి ఒక కొత్త రకం రోగులు వస్తున్నారు. వీరు వయసు మళ్లినవారు కారు, బరువులు మోసి నడుము పట్టేసినవారూ కారు. ముప్పై నుండి యాభై ఏళ్ల లోపు వారు. స్టీల్ ప్లాంటులోనో, పోర్టులోనో, బ్యాంకులోనో స్థిరమైన ఉద్యోగం చేస్తున్నవారు. ఒకరికి మోకాలి నొప్పి, ఒకరికి మడమ నొప్పి, ఒకరికి భుజం పైకి లేవదు. ఏమి చేస్తున్నారని అడిగితే, "ట్రయథ్లాన్‌కి ప్రాక్టీసు చేస్తున్నానండి" అంటారు. చెప్పేటప్పుడు వారి ముఖంలో కొంచెం గర్వం కూడా కనబడుతుంది. అది మాకు సంతోషమే. షుగరు, బీపీ, గుండె జబ్బులతో వచ్చేవారిని రోజంతా చూసే మాకు, శరీరాన్ని కదిలించే మనిషి కనబడితే సంతోషం కలగకుండా ఉంటుందా?

అయితే ఒక రోజు ఇటువంటి ఒక సహోదరుని వెంట ఆయన భార్య కూడా వచ్చారు. వారెవరో తెలియకుండా ఉండేందుకు వివరాలు చెప్పడం లేదు. మోకాలు చూపించి, ఎక్స్‌రే తీయించి, మందులు రాసిన తరువాత ఆమె నెమ్మదిగా ఇలా అన్నారు: "మోకాలి సంగతి మీరు చూశారు డాక్టరు గారూ. మరి ఆ సైకిలు సంగతి ఎవరు చూస్తారు?" బాబు కాలేజీ ఫీజు కోసం పాడుకున్న చీటీ డబ్బులో సగం సైకిలుకు వెళ్లిందట. అదైనా ఒక్కసారితో పోయిందనుకుంటే, ఆ తరువాత ప్రతి నెలా ఏదో ఒకటి కొంటూనే ఉన్నారట. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. మా దగ్గర దానికి మందు లేదు. అందుకే ఈ నెల ఈ వ్యాసం.

ట్రయథ్లాన్ అంటే ఏమిటి?

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాము. ఈత, సైకిలు, పరుగు, ఈ మూడింటినీ మధ్యలో విశ్రాంతి లేకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తి చేసే పందెం ఇది. ఒలింపిక్ దూరం అంటే ఒకటిన్నర కిలోమీటరు ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. అందులో సగం దూరాలతో చిన్న పందెం ఉంది. ఎంతో కష్టమైనది "ఐరన్‌మ్యాన్". 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆ తరువాత 42.2 కిలోమీటర్ల మారథాన్ పరుగు. దీనిని 1978లో హవాయి దీవులలో మొదలుపెట్టారు. జాన్ కాలిన్స్ అనే అమెరికా నౌకాదళ అధికారి దీనికి మూలపురుషుడు. ఆ మొదటి పందెంలో దిగినవారు 15 మంది, ముగించినవారు 12 మంది. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్స్‌లో ట్రయథ్లాన్‌కు చోటు దొరికింది. మన దేశంలో 2019లో గోవాలో సగం ఐరన్‌మ్యాన్ పందెం మొదలైంది. కోవిడ్ వల్ల ఆగి, 2022 నుండి మళ్లీ జరిగింది. మన విశాఖ యువకులలో ఎక్కువమంది కలగనేది దాని గురించే.

విశాఖలో ఈ మూడింటికీ అనువు ఉంది. ఉదయం వేళ వాహనాలు ఆపివేసే బీచ్ రోడ్డు ఉంది. భీమిలి దాకా సముద్రం పక్కనే సైకిలు తొక్కుకుంటూ వెళ్లవచ్చు. బీచ్ రోడ్డులోనే కార్పొరేషన్ వారి ఈత కొలను ఉంది. కైలాసగిరి ఎత్తు ఉంది. ఇంత అనువైన ఊరిలో ఈ ఆట మీద మనసు పడడంలో ఆశ్చర్యం లేదు.

కనబడే ఖర్చు, కనబడని ఖర్చు

సువార్తలో ప్రభువు చెప్పిన ఒక ఉపమానం మనకందరికీ తెలుసు. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని, పూర్తి చేయడానికి తన దగ్గర చాలినంత ఉందో లేదో లెక్క చూసుకుంటాడని. పునాది వేసి ఆపేస్తే చూసినవారు నవ్వుతారని. ఈ ఆటలో దిగేవారు కూడా లెక్క వేసుకుంటారు. కాని ఆ లెక్క పునాది దగ్గరే ఆగిపోతుంది. సైకిలు ఇంత, బూట్లు ఇంత, ఈత కళ్లద్దాలు ఇంత అని కూడి, "ఒక్కసారి కొంటే చాలు" అనుకుంటారు. నిజమైన ఖర్చు సైకిలు కొన్న మరునాడు మొదలవుతుంది.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాము. అంకెలు ఊరినిబట్టి, మనిషినిబట్టి మారతాయి. లెక్క వేసే పద్ధతి కోసమే ఇవి.

వారానికి 30 కిలోమీటర్లు పరుగెత్తే వ్యక్తి ఏడాదికి 1,500 కిలోమీటర్లకు పైగా పరుగెడతాడు. పరుగు బూట్ల అడుగుభాగం సుమారు 500 నుండి 800 కిలోమీటర్లకు తన మెత్తదనం కోల్పోతుంది. పైకి కొత్తగా కనబడినా లోపల చచ్చిపోయి ఉంటుంది. ఆ బూట్లతోనే ఇంకా పరుగెత్తేవారే మడమ నొప్పితో మా దగ్గరకు వస్తారు. కాబట్టి ఏడాదికి తక్కువలో తక్కువ రెండు జతలు, జత 5,000 చొప్పున 10,000 రూపాయలు. వారానికి 100 కిలోమీటర్లు తొక్కే సైకిలుకు ఏడాదిలో చైను, టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, సర్వీసింగు కలిపి 10,000. కొలను రుసుము నెలకు 1,500 అనుకుంటే 18,000. బట్టలు, కళ్లద్దాలు, టోపీ వంటివి 5,000. పరీక్షలు, ఫిజియోథెరపీ 6,000. తరువాత తిండి. గంటలకొద్దీ కష్టపడే శరీరానికి ఆకలి రెట్టింపవుతుంది. గుడ్లు, పాలు, అరటిపండ్లు, చేపలు అదనంగా నెలకు 3,000 వేసుకున్నా 36,000. దగ్గరలోని ఒక చిన్న పందానికి 10,000. గోవా వంటి దూరపు పందానికి ప్రవేశ రుసుము, రైలు, సైకిలును పెట్టెలో సర్ది పంపడం, బస, తిండి కలిపి 40,000.

మొత్తం 1,35,000 రూపాయలు. అంటే నెలకు 11,250. సైకిలు ధర ఇందులో లేదు. ఇది ప్రతి ఏడాదీ వచ్చే ఖర్చు. ఇంకొక మాట గమనించండి. దూరపు పందెం మానేసినా 95,000 మిగులుతుంది. చాలామంది పందెం ఫీజును చూసి భయపడతారు గాని, మనిషిని నెమ్మదిగా తినేసేది నెలనెలా పోయే చిల్లర. అప్పులిచ్చే వ్యాపారి కూడా ఇంత ఓపికగా వసూలు చేయడు.

వీటికి తోడు మరొకటి ఉంది, పోలిక. గుంపుగా తొక్కేచోట పక్కవాడి సైకిలు తేలికగా ఉంటుంది. అతని చేతికి గుండె వేగం కొలిచే వాచీ ఉంటుంది. "అది కొంటే పది నిమిషాలు తగ్గుతుంది" అనే మాట వినబడుతుంది. నలభై ఏళ్ల మనిషి ఒళ్లు మూడు కిలోలు తగ్గించుకుంటే వచ్చే లాభం, సైకిలు ఒక కిలో తగ్గడానికి పోసే వేలతో రాదు. ఇది వ్యాపారులు చెప్పరు. మేము చెబుతున్నాము.

రూపాయలలో రాని ఖర్చు

వారానికి 10 గంటల సాధన అంటే ఏడాదికి 520 గంటలు. ఎనిమిది గంటల డ్యూటీలుగా లెక్కిస్తే 65 షిఫ్టులు. ఆ గంటలు ఎక్కడి నుండి వస్తాయి? నిద్రలో నుండి, పిల్లల దగ్గర నుండి, భార్య లేక భర్త దగ్గర నుండి. తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరేవానికి సీసాలలో నీళ్లు నింపి, తిరిగి వచ్చేసరికి టిఫిను సిద్ధం చేసి, ఉప్పు చెమటతో తడిసిన బట్టలు ఉతికేది ఎవరు? ఆమె పేరు ఏ పతకం మీదా ఉండదు.

షిఫ్టు డ్యూటీ చేసేవారికి మా ప్రత్యేక హెచ్చరిక. రాత్రి డ్యూటీ దిగి, నిద్రపోకుండా నేరుగా సైకిలెక్కి కూర్మన్నపాలెం నుండి అనకాపల్లి వైపు హైవే మీద తొక్కడం వ్యాయామం కాదు, ప్రాణంతో చెలగాటం. పక్కనే లారీలు, కంటైనర్లు పోతుంటాయి. నిద్రలేని కన్ను ఒక్క క్షణం మూతపడితే చాలు. ఆ రోజుకు నిద్రే మీ సాధన అనుకోండి.

మరి ఆదివారం మాట. చాలా పందాలు ఆదివారం ఉదయమే జరుగుతాయి. దూరపు సైకిలు సాధనకు కూడా అదే రోజు దొరుకుతుంది. మొదట ఒక ఆదివారం ఆరాధన తప్పుతుంది, తరువాత నెలకు రెండు, ఆ తరువాత పాస్టరు గారు ఇంటికి వచ్చి అడిగే పరిస్థితి. ఈ సందర్భంలో ఎరిక్ లిడెల్‌ను గుర్తు చేసుకోవాలి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగు తొలి పోటీలు ఆదివారం వచ్చాయని ఆయన అందులో పరుగెత్తలేదు. 400 మీటర్లలో పరుగెత్తి బంగారు పతకం గెలిచాడు. తరువాత చైనాకు మిషనరీగా వెళ్లి, 1945లో అక్కడి నిర్బంధ శిబిరంలోనే కన్నుమూశాడు. ప్రతి ఒక్కరూ ఆయనలాగే చేయాలని మేము తీర్పు చెప్పడం లేదు. ఆసుపత్రిలో మేమే ఆదివారం డ్యూటీ చేస్తాము. అయితే ఆయన తన ఆటకు ఒక హద్దు గీశాడు, ఆ హద్దు తానే గీశాడు. మన హద్దు ఎక్కడ ఉందో పందెం నిర్వాహకులు నిర్ణయించకూడదు.

శరీరం చెల్లించే మూల్యం

ఇప్పుడు మా వృత్తికి సంబంధించిన మాటలు. ఇవి దయచేసి జాగ్రత్తగా చదవండి, ఇంట్లోవారికి చదివి వినిపించండి.

మొదటిది, నలభై దాటినవారు, షుగరు, బీపీ ఉన్నవారు, పొగ తాగేవారు, తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు వైద్యుని చూడకుండా ఈ సాధన మొదలుపెట్టరాదు. బీపీ, షుగరు, ఇసీజీ చూసి, అవసరమనుకుంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేస్తాము. సాధనలో ఛాతీ బరువెక్కినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి, 108కి ఫోను చేయాలి. "ఈ కిలోమీటరు అయ్యాక చూద్దాం" అనకూడదు.

రెండవది, షుగరు మందులు. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారికి గంటల తరబడి శ్రమలో చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది. నీళ్లలో ఉండగా పడిపోతే ఏమవుతుందో ఊహించుకోండి. సాధన రోజులలో మందు మోతాదు ఎంతో డాక్టరును అడిగి తెలుసుకోవాలి, సొంతంగా మానేయకూడదు. బీపీకి వాడే కొన్ని మాత్రలు గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. అటువంటివారు చేతి వాచీ చూపే అంకెను నమ్మి శ్రమ పెంచరాదు.

మూడవది, నొప్పి మాత్రలు. పరుగుకు ముందు మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొని వేసుకునే అలవాటు చూస్తున్నాము. చెమటతో నీరు పోయిన శరీరంలో ఈ మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. మన సంఘాలలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుండి వచ్చిన కుటుంబాలున్నాయి. కిడ్నీ జబ్బు అంటే ఏమిటో వారికి మేము కొత్తగా చెప్పనక్కరలేదు. అటువంటి కుటుంబాలవారు మొదలుపెట్టే ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష తప్పక చేయించుకోవాలి. కఠినమైన సాధన తరువాత మూత్రం కాఫీ రంగులో వస్తే అది కండరాలు చితికిన గుర్తు. ఆ రోజే ఆసుపత్రికి రావాలి.

నాలుగవది, నీళ్లు. విశాఖ గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహం మేరకు తాగాలి. అయితే గంటలకొద్దీ శ్రమలో ఉప్పు లేని నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తికమక, ఫిట్సు రావచ్చు. ఖరీదైన రంగు నీళ్ల డబ్బాలు అవసరం లేదు. లీటరు మంచినీటికి ఆరు సమానపు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు చాలు. మజ్జిగలో ఉప్పు వేసుకున్నా మేలే. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఉప్పు గురించి ముందుగా డాక్టరును అడగాలి.

ఐదవది, సముద్రం. కొలనులో ఈత వచ్చినంత మాత్రాన సముద్రంలో ఈత వచ్చినట్టు కాదు. రామకృష్ణా బీచ్, యారాడ, రుషికొండ తీరాలలో లోపలికి లాగే ప్రవాహం ఎందరు బిడ్డలను మింగిందో ఈ ఊరివారికి చెప్పాలా? ఒంటరిగా దిగకండి. ఈతగాళ్ల కాపలా లేనిచోట దిగకండి. లాగుడులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా, తీరం వెంబడి ఈది, లాగుడు దాటిన తరువాత ఒడ్డుకు రావాలి. ఈ ఒక్క వాక్యం మీ పిల్లలకు నేర్పినా ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్టే.

అయితే మానేయాలా?

కొందరు పెద్దలు "ఇదంతా డబ్బున్నవారి పిచ్చి" అని కొట్టిపారేస్తారు. మేము అలా అనము. సాయంత్రమైతే బెల్టు షాపు వెతుక్కునేవాడు ఉదయాన్నే ఈతకు వెళ్తుంటే ఆ కుటుంబానికి అది దీవెనే. తాగుడుకు పోయే డబ్బు, షుగరు ముదిరి కాలు తీసేసిన తరువాత పోయే డబ్బు, డయాలసిస్‌కు పోయే కాలం, వీటి పక్కన పెడితే ఈ ఆట ఖర్చు చిన్నదిగా కనబడుతుంది. ఈ వాదనలో నిజం ఉంది.

కాని ఆ వాదనలో ఒక లోపం కూడా ఉంది. ఆరోగ్యం కొరకు కావలసినది ఐరన్‌మ్యాన్ కాదు. పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం చాలునని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట వేగంగా నడక. వ్యాయామం వల్ల గుండెకు, రక్తంలో చక్కెరకు కలిగే మేలులో ఎక్కువ భాగం అక్కడే వచ్చేస్తుంది. దానిపైన చేసేది సరదా కొరకు, సాధించిన తృప్తి కొరకు. సరదా తప్పు కాదు. అయితే సరదాకు సరదా పద్దులో నుండే ఖర్చు పెట్టాలి. "ఆరోగ్యం కోసమే కదా" అని చెప్పి పిల్లల ఫీజు పద్దులో నుండి తీయకూడదు.

ఒకప్పుడు షిప్‌యార్డుకు, పోర్టుకు సైకిలు మీదే డ్యూటీకి వెళ్లిన తాతలు మన సంఘాలలో ఇంకా ఉన్నారు. వెనుక క్యారేజీ కట్టుకుని, ఎండలో వానలో తొక్కినవారు. వారికి పతకాలు ఇచ్చినవారు లేరు. వారిలో కొందరు ఎనభై ఏట కూడా మా మెట్లు ఎవరి సాయం లేకుండా ఎక్కి వస్తున్నారు.

మా సలహా

ఈ ఆట మీద మనసున్నవారికి మా మాట ఇది. మొదటి ఏడాది కొత్త సైకిలు కొనకండి. ఇంట్లో ఉన్నదో, వాడినదో బాగు చేయించి తొక్కండి. పరుగు బూట్లు మాత్రం మంచివి కొనండి. ఏడాదంతా ఆగకుండా సాధన చేస్తే, అప్పుడు ఆలోచించండి. సైకిలు కొరకు అప్పు, వాయిదాలు, చీటీ పాట, బంగారం కుదువ వద్దు. పందేలు లేకుండా, ఏడాదికి ఒక జత బూట్లు 5,000, సైకిలు మరమ్మతు 2,000, మూడు నెలల కొలను 4,500, తిండికి నెలకు 1,000 చొప్పున 12,000 వేసుకుంటే 23,500 అవుతుంది. నెలకు రెండు వేల లోపే. అదే ఆరోగ్యం, అదే చెమట, అదే ఆనందం.

భార్యాభర్తలు కూర్చుని ఏడాదికి ఒక హద్దు మొత్తం కాగితం మీద రాసుకోండి. జీతం ఆలస్యమైన నెలలో ఏది ఆగాలో కూడా అందులోనే రాయండి. కానుక, పిల్లల ఫీజు, ఆరోగ్య బీమా, ఈ మూడూ ముందు. ఆట తరువాత. ఆయనకు వారానికి పది గంటలు దొరికితే, ఆమెకు కూడా తనకోసం కొన్ని గంటలు దొరకాలి. కుదిరితే ఇద్దరూ కలిసి బీచ్ రోడ్డులో నడవండి, పిల్లలను తీసుకువెళ్లండి. దానికి ప్రవేశ రుసుము లేదు.

సంఘ యువజన నాయకులకు కూడా ఒక మనవి. సైకిలు లేని పిల్లవాడు చిన్నబుచ్చుకోకుండా ఉండే ఆటలు పెట్టండి. ఒక శనివారం ఉదయం అందరూ కలిసి కైలాసగిరి మెట్లు ఎక్కండి.

మొదట చెప్పిన ఆ దంపతులు కొన్ని నెలల తరువాత మళ్లీ వచ్చారు. మోకాలు నయమయింది. సైకిలు అమ్మలేదు. అయితే ఆ ఏటి దూరపు పందెం మానుకున్నారు, ఆ డబ్బు ఫీజుకు వెళ్లింది. ఇప్పుడు తండ్రీకొడుకులు వంతులవారీగా అదే సైకిలు తొక్కుతున్నారట. ఆమె ఈసారి మమ్మల్ని ప్రశ్న అడగలేదు, నవ్వారు.

శరీరం దేవుని ఆలయమని నమ్మేవారము మనము. ఆలయాన్ని శుభ్రంగా, బలంగా ఉంచుకోవాలి. కాని ఆలయానికి రంగులు వేయడానికి ఇంటిలోని పొయ్యి ఆర్పకూడదు. లెక్క చూసుకుని మొదలుపెట్టండి, మొదలుపెట్టినది ఆనందంగా కొనసాగించండి. దేవుడు మీకు, మీ కుటుంబాలకు మంచి ఆరోగ్యం అనుగ్రహించును గాక.